జిల్లా యూనివర్సిటీలో, డిగ్రీ కాలేజీలో రీసెర్చ్ ఫండింగ్ తెచ్చుకోవడం ఎలా: మొదటి అప్లికేషన్ నుంచి యూసీ (డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే సర్టిఫికెట్) దాకా

ముందే చెప్పేస్తున్నా, ఇది ఐఐటీల్లో, సెంట్రల్ యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళ కోసం కాదు. పీహెచ్‌డీ చేసి కడపలోనో నల్గొండలోనో శ్రీకాకుళంలోనో మహబూబ్‌నగర్‌లోనో రెగ్యులర్ పోస్టులో చేరి, వారానికి పదహారు గంటలు క్లాసులు చెప్తూ, ల్యాబ్ అంటే నాలుగు బల్లలు ఒక పాత స్పెక్ట్రోఫోటోమీటరు తప్ప ఇంకేం లేక, "ఇక్కడ రీసెర్చ్ ఏం అవుతుందిలే" అని మెల్లగా వదిలేస్తున్నవాళ్ళ కోసం. మీలాంటి చోట్లకనే గవర్నమెంటు విడిగా డబ్బు పెట్టిన స్కీములు ఉన్నాయి. చాలామందికి పేర్లు కూడా తెలియవు, తెలిసినవాళ్ళు కూడా తప్పు స్కీముకి తప్పు టైములో అప్లై చేసి, ఒకసారి రిజెక్ట్ అవ్వగానే మానేస్తారు.

నేను చెప్పేదంతా ఒక్క ఆర్డర్ గురించే అనుకోండి. ముందు పక్కవాళ్ళ ల్యాబ్‌లో పని, తర్వాత మీ పేరు మీద చిన్న ప్రాజెక్టు, ఆ తర్వాత డిపార్ట్‌మెంటుకి పరికరాలు, చివర్లో యూనివర్సిటీ స్థాయి పెద్ద డబ్బు. ఈ వరస తిప్పేసి మొదటే కోటి రూపాయల ప్రపోజల్ రాస్తే రివ్యూయర్ చూసేది ఒక్కటే, "ఈయన దగ్గర ఇప్పటిదాకా ఏం జరిగింది?"

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది

కేంద్రంలో ఇన్నాళ్ళూ సైన్స్ ప్రాజెక్టులకి డబ్బిచ్చిన సంస్థ సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డ్), 2008 చట్టంతో వచ్చింది. 2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం చేశారు, అది 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లోకి వచ్చింది, సెర్బ్ అందులో కలిసిపోయింది. అందరూ ఏఎన్ఆర్ఎఫ్ అంటారు. 2023 నుంచి 2028 దాకా ఐదేళ్ళకి 50,000 కోట్లు అని ప్రకటించారు, అయితే అందులో పెద్ద వాటా ప్రైవేటు, ఇతర మార్గాల నుంచి రావాలన్నది లెక్క, మొత్తం బడ్జెట్ డబ్బు కాదు. ఇది కాకుండా డీఎస్టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) ఉంది, డీబీటీ (బయోటెక్నాలజీ శాఖ) ఉంది, విద్యాశాఖ నుంచి రాష్ట్ర యూనివర్సిటీలు, కాలేజీల కోసం పీఎం-ఉషా అనే స్కీము ఉంది.

మన చోట్లకి విడిగా ఎందుకు ఇవ్వాలి అని ఎవరైనా అడిగితే జవాబు సింపుల్. దేశంలో డిగ్రీ, పీజీ చదివే పిల్లల్లో 80 శాతం దాకా రాష్ట్ర ప్రభుత్వాల కింద ఉండే యూనివర్సిటీలు, వాటి కాలేజీల్లోనే ఉన్నారు, రీసెర్చ్ డబ్బు మాత్రం ఎక్కువగా కొన్ని కేంద్ర సంస్థల చుట్టూ తిరుగుతుంది. ఈ గొడవ మనకే కాదు, అమెరికాలో కూడా ఇదే కారణంతో 1979లో ఎప్స్‌కోర్ అని మొదలుపెట్టారు, ఐదు రాష్ట్రాలతో. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బులో 0.75 శాతం లోపే వస్తున్న రాష్ట్రాలకి అది వర్తిస్తుంది. ఓక్లహోమా, కాన్సస్, అర్కాన్సా లాంటి చోట్ల చదువుకునే మన తెలుగు పిల్లల్లో కొందరు ఆ డబ్బు మీద నడిచే ల్యాబుల్లోనే ఉండొచ్చు, వాళ్ళకి ఆ పేరు తెలియకపోయినా. అక్కడ 2022 చిప్స్ చట్టంలో 2029కి ఈ రాష్ట్రాల వాటా 20 శాతానికి చేర్చాలని రాసుకున్నారు. మన దగ్గర అలా రాష్ట్రాలవారీగా వాటా రాసిన చట్టం లేదు, స్కీముల్లోనే ఆ పని చేస్తున్నారు. నన్నడిగితే ఇది లోటే, ఎందుకంటే స్కీము పేరు మారగానే మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి.

స్టెప్ 1: అప్లై చేసేముందు ఈ కాగితాలు, ఈ ఐడీలు

ఇది బోరింగ్ పార్ట్, కానీ చివరి రోజు రాత్రి పోర్టల్ ముందు కూర్చుని ఏడ్చేవాళ్ళంతా ఇక్కడే ఇరుక్కుంటారు.

ఏఎన్ఆర్ఎఫ్ ఆన్‌లైన్ పోర్టల్లో మీ ప్రొఫైల్ ఇప్పుడే క్రియేట్ చేసుకోండి, కాల్, అంటే అప్లికేషన్లు పిలిచే నోటిఫికేషన్, వచ్చేదాకా ఆగొద్దు. మీ ఇన్‌స్టిట్యూట్ పేరు డ్రాప్‌డౌన్‌లో ఉందో లేదో చూడండి, చిన్న కాలేజీల పేర్లు ఒక్కోసారి ఉండవు, యాడ్ చేయించడానికి రోజులు పడుతుంది. ప్రైవేటు మేనేజ్‌మెంట్ అయితే ఎన్జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్) ఐడీ అడుగుతారు, అది సొసైటీ లేదా ట్రస్టు పేరు మీద తీసుకోవాలి, కరస్పాండెంట్ గారితో చెప్పి ముందే పెట్టించండి. ఓర్సిడ్ ఐడీ (పరిశోధకులకి ఆన్‌లైన్లో ఇచ్చే గుర్తింపు నంబరు), పబ్లికేషన్ల లిస్టు, పీహెచ్‌డీ సర్టిఫికెట్, రెగ్యులర్ అపాయింట్‌మెంట్ ఆర్డర్ అన్నీ స్కాన్ చేసి ఒక ఫోల్డర్లో పడేయండి.

ఎండార్స్‌మెంట్ సర్టిఫికెట్ అని ఒకటుంటుంది, ప్రాజెక్టుకి సంస్థ ఒప్పుకుందని చెప్పే కాగితం, సంస్థ హెడ్ సంతకం, సీలు. యూనివర్సిటీలో అయితే రిజిస్ట్రార్ దగ్గర సంతకం, కాలేజీలో ప్రిన్సిపాల్. ఫార్మాట్ నోటిఫికేషన్లోనే ఇస్తారు, దాన్ని లెటర్‌హెడ్ మీద అక్షరం మార్చకుండా ప్రింట్ తీయండి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఫైలు కదలాలంటే డెడ్‌లైన్‌కి రెండు వారాల ముందు పెట్టడం న్యాయం, వాళ్ళని తిట్టుకుని లాభం లేదు.

కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీకి మాత్రం ఈ స్కీముల్లో చాలావాటికి దారి లేదు, రెగ్యులర్ పోస్టు అని క్లియర్‌గా అడుగుతారు. రెండు రాష్ట్రాల్లోనూ యూనివర్సిటీలు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు వాళ్ళ మీదే నడుస్తుంటే ఈ రూలు ఎంత అన్యాయంగా తగులుతుందో విడిగా చెప్పక్కర్లేదు. వాళ్ళు రెగ్యులర్ ఫ్యాకల్టీ ఒకరితో కలిసి పనిచేయడమే ప్రస్తుతానికి ఉన్న మార్గం.

స్టెప్ 2: ముందు పక్క ల్యాబ్‌లోకి వెళ్ళండి

నా దృష్టిలో అన్నిటికంటే తక్కువగా వాడుకునే స్కీము టేర్. టీచర్స్ అసోసియేట్‌షిప్ ఫర్ రీసెర్చ్ ఎక్సలెన్స్. రాష్ట్ర యూనివర్సిటీ, కాలేజీ, ప్రైవేటు కాలేజీ రెగ్యులర్ టీచర్లు ఉద్యోగం వదలకుండా ఐఐటీ, ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ), సీఎస్ఐఆర్ ల్యాబ్, సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట, అంటే హోస్ట్ దగ్గర, పార్ట్‌టైంగా రీసెర్చ్ చేయొచ్చు. సెర్బ్ రోజుల నిబంధనల ప్రకారం మూడేళ్ళు, వయసు 45 లోపు, ఏడాదికి 60,000 ఫెలోషిప్, ఏడాదికి 5 లక్షల రీసెర్చ్ గ్రాంటు, అది సగం మీ సంస్థకి సగం హోస్ట్‌కి. ఏడాదిలో కనీసం 90 రోజులు హోస్ట్ దగ్గర పనిచేయాలి. వేసవి సెలవులు, సెమిస్టర్ మధ్య గ్యాపులు, దసరా సంక్రాంతి సెలవులు లెక్కేసుకుంటే 90 రోజులు అసాధ్యం కాదు, కానీ ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే పోయేది వాళ్ళ సెలవులే.

హోస్ట్ ఎవరు? మన దగ్గర దీనికి కొదవ లేదు నిజానికి. తెలంగాణలో ఉంటే హైదరాబాద్‌లోని సీఎస్ఐఆర్ ల్యాబులు ఐఐసీటీ (కెమిస్ట్రీ), సీసీఎంబీ (బయాలజీ), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతికం), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, కందిలో ఐఐటీ, వరంగల్ నిట్. రాయలసీమ, నెల్లూరు వైపైతే తిరుపతి ఐఐటీ, తిరుపతి ఐసర్, అట్మాస్ఫియర్ మీద పనిచేసేవాళ్ళకి గాదంకిలో నార్ల్ (నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లాబొరేటరీ), అక్కడ పై వాతావరణాన్ని కొలిచే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది, అలాంటిది మనకి బస్సు దూరంలో ఉండటం మామూలు విషయం కాదు. ఉత్తరాంధ్రకి సముద్రం సబ్జెక్టైతే విశాఖలో ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర పరిశోధన సంస్థ) రీజినల్ సెంటర్.

హోస్ట్‌కి మొదటి మెయిల్ ఎలా రాయాలో చాలామందికి తెలియదు. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ఇన్‌స్టిట్యూట్" అని మొదలైన మెయిల్ ఎవరూ చదవరు. ఆయన ఈమధ్య వేసిన పేపరొకటి చదివి, అందులో మీరు చేయగలిగేది ఏదో, మీ దగ్గర ఉన్న శాంపిల్సో డేటానో ఏదో నాలుగు వాక్యాల్లో చెప్పండి. మీ దగ్గర ఉన్నదేంటి అనేదే అక్కడ అసలు ప్రశ్న, దాని గురించి స్టెప్ 3లో.

హోస్ట్ ఒప్పుకోకపోయినా దారులు ఉన్నాయి. ఐ-స్టెమ్ పోర్టల్ 2020 జనవరిలో మొదలైంది, దేశంలో ప్రభుత్వ డబ్బుతో కొన్న పరికరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. డీఎస్టీ సైఫ్ సెంటర్లకి (పెద్ద పరికరాలు బయటివాళ్ళకీ అందుబాటులో ఉంచే కేంద్రాలు) శాంపిల్ పోస్టులో పంపి ఫీజు కడితే ఎన్ఎంఆరో ఎస్ఈఎమ్మో లాంటి పరీక్ష చేసి రిజల్ట్ పంపిస్తారు. న్యూట్రాన్, సింక్రోట్రాన్ లాంటి పెద్ద అణుశక్తి విభాగం సౌకర్యాలు కావాలంటే యూజీసీ-డీఏఈ సీఎస్ఆర్ ఉంది, ఇండోర్‌తో పాటు ముంబై, కోల్‌కతా, కల్పాక్కంలలో. యూనివర్సిటీ వాళ్ళ కోసమే పెట్టిన సంస్థ అది.

జర్నల్స్ సంగతి కూడా ఇక్కడే. ప్రభుత్వమే చందా కట్టి జర్నల్స్ చదవనిచ్చే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి 1 నుంచి నడుస్తోంది, 30 పబ్లిషర్లు, 13,000 దాకా జర్నల్స్, మూడేళ్ళకి 6,000 కోట్లు. ప్రభుత్వ సంస్థలకి మాత్రమే, రాష్ట్ర యూనివర్సిటీలు, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు అందులోకి వస్తాయి. మీ లైబ్రేరియన్‌ని అడగండి రిజిస్టర్ చేశారా లేదా అని. చేయకపోతే పక్కన కూర్చుని చేయించండి.

స్టెప్ 3: మీ ఊరు మీకు బలం, ప్రపోజల్‌లో అది కనపడాలి

ఐఐటీలో ఉన్నవాళ్ళతో వాళ్ళ ఆటలో పోటీ పడితే ఓడిపోతాం, పరికరాలు వాళ్ళవి, స్టూడెంట్లు వాళ్ళవి. మీ దగ్గర ఉన్నవి వాళ్ళ దగ్గర లేవు. నల్గొండలో ఉన్నవాళ్ళకి ఫ్లోరైడ్ నీళ్ళు పేపర్లో చదివే విషయం కాదు, బోరు దగ్గరకి నడిచి వెళ్ళొచ్చు. అనంతపురం వేరుశనగ పొలాలు, మంగంపేట బెరైటీస్ గనులు, తుమ్మలపల్లి యురేనియం, కొల్లేరు, భీమవరం చుట్టూ చేపల రొయ్యల చెరువులు, ఉద్దానం కిడ్నీ జబ్బు. ఒక్కోటి ఒక జీవితకాలం సరిపోయే సమస్య.

కానీ ఇక్కడో ప్రమాదం ఉంది. "ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం కనుక్కుంటాం" అని మూడేళ్ళ ప్రాజెక్టు రాస్తే రివ్యూయర్ నవ్వుకుంటాడు, ఎంతోమంది పెద్ద టీములు వచ్చి వెళ్ళిన సబ్జెక్టు అది. అదే "ఈ రెండు మండలాల్లో బోరు నీళ్ళలో, వర్షాకాలానికి ముందూ తర్వాతా, ఫలానా మూలకాలు ఎంత మారుతున్నాయి" అంటే అది మూడేళ్ళలో ఒక మనిషి ఇద్దరు స్టూడెంట్లతో చేయగల పని, సీజన్ సీజన్‌కి శాంపిల్ తీయడం బయటివాళ్ళకి కుదరదు కాబట్టి మీరే చేయాలి అన్న వాదన దానంతట అదే నిలబడుతుంది. ప్రశ్న ఎంత చిన్నగా కోస్తే అంత మంచిది. మూడు ఆబ్జెక్టివ్‌లు దాటొద్దు.

స్టెప్ 4: మీ పేరు మీద మొదటి ప్రాజెక్టు

రాష్ట్ర యూనివర్సిటీలు, కాలేజీలవాళ్ళు తమలో తామే పోటీ పడేలా సెర్బ్ తెచ్చిన స్కీము ష్యూర్, స్టేట్ యూనివర్సిటీ రీసెర్చ్ ఎక్సలెన్స్. సెర్బ్ నిబంధనల ప్రకారం మూడేళ్ళకి 30 లక్షలు, దాని మీద ఓవర్‌హెడ్స్ (సంస్థ నిర్వహణ ఖర్చులకి ఇచ్చేది). ఐఐటీ వాళ్ళు ఇందులోకి రారు, అదే దీని గొప్ప. ఎస్సీ ఎస్టీ ఫ్యాకల్టీకి విడిగా స్కీము ఉంది, సెర్బ్ టైములో ఈఈక్యూ అనేవారు, ఏఎన్ఆర్ఎఫ్ వచ్చాక ఇన్‌క్లూజివిటీ రీసెర్చ్ గ్రాంట్ అంటున్నారు, అర్హత ఉన్నవాళ్ళు అది వదిలేసి జనరల్ పోటీలో నిలబడటం అనవసర హీరోయిజం. కొత్తగా చేరినవాళ్ళకి ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ గ్రాంటు ఉంది, పోటీ గట్టిది. ఏ స్కీము కాల్ ఎప్పుడు తెరుస్తారో ఏడాది ఏడాదికి మారుతుంది, రూపాయలు, వయసు పరిమితి కూడా మారతాయి, కాబట్టి పాత పీడీఎఫ్ వాట్సాప్‌లో ఎవరో పంపారని దాన్ని పట్టుకుని రాయొద్దు, ఆ ఏడాది నోటిఫికేషనే చదవండి, రెండుసార్లు చదవండి.

బడ్జెట్ రాయడంలో మన చోట్ల జరిగే తప్పు దాదాపు ఒకటే, డబ్బంతా ఒక పెద్ద మెషీన్ మీద పెట్టేయడం. మెషీన్ కొంటారు, దానికి త్రీఫేజ్ కరెంటు లైను లేదు, ఎర్తింగ్ సరిగా లేదు, యూపీఎస్ లేదు, ఏసీ లేదు, వారంటీ అయ్యాక ఏఎంసీకి (ఏటా చేసుకునే మెయింటెనెన్స్ కాంట్రాక్టుకి) డబ్బు లేదు, ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అవుతుంది, మూడో ఏడాదికి గుడ్డ కప్పి పెడతారు. పక్క ఊళ్ళో ఐ-స్టెమ్‌లో దొరికే మెషీన్ కొనొద్దు. రోజూ వాడేది, శాంపిల్ తాజాగా ఉన్నప్పుడే పెట్టాల్సింది, అది కొనండి. మిగతాది కెమికల్స్‌కి, ఫీల్డ్ ప్రయాణానికి, బయట అనాలిసిస్ ఫీజులకి, స్కీము ఒప్పుకుంటే మనిషికి పెట్టండి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) జీతం 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలో) 42,000, పైన హెచ్ఆర్ఏ, ఈ లెక్క తప్పు వేస్తే మధ్యలో కుర్రాడికి జీతం ఆగిపోతుంది.

ప్రతి లైనుకీ ఎందుకు అని ఒక వాక్యం రాయండి. "కన్సూమబుల్స్ – 6 లక్షలు" అని వదిలేస్తే రివ్యూయర్ సగం కోసేస్తాడు. "ఏడాదికి ఇన్ని శాంపిల్స్, ఒక్కోదానికి ఇంత" అంటే కోయడానికి ఆయనకి మనసు రాదు.

రిజెక్ట్ అయితే, కామెంట్లు వస్తే, కోపం తగ్గాక చదవండి. "నావెల్టీ లేదు" అన్నది మనసుకి పట్టించుకోవద్దు, అది అందరికీ రాస్తారు. "మెథడాలజీ క్లియర్‌గా లేదు", "ప్రిలిమినరీ డేటా లేదు" అన్నవి నిజం, అవి సరిచేసి మళ్ళీ పెట్టండి. ప్రిలిమినరీ డేటా ఎక్కడినుంచి వస్తుంది అంటే స్టెప్ 2 నుంచి, అందుకే ఆ వరస.

స్టెప్ 5: డిపార్ట్‌మెంట్, ఆ పైన యూనివర్సిటీ

మీ డిపార్ట్‌మెంట్లో ఇద్దరు ముగ్గురికి ప్రాజెక్టులు వచ్చాక డీఎస్టీ-ఫిస్ట్ (డిపార్ట్‌మెంట్లలో సైన్స్ సౌకర్యాలు పెంచే స్కీము) వైపు చూడండి. 2000లో మొదలైన స్కీము, మనిషికి కాదు, పీజీ నడిపే డిపార్ట్‌మెంటుకి లేదా కాలేజీకి ఐదేళ్ళకి ఇస్తారు, పరికరాలు, నెట్‌వర్కింగ్, ల్యాబ్ రిపేర్లు. కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఉంటుంది. అక్కడ హెచ్‌ఓడీ ఒక్కరే మాట్లాడి మిగతావాళ్ళు కూర్చుంటే ఇది డిపార్ట్‌మెంట్ ప్రపోజల్ కాదు అని తెలిసిపోతుంది, పరికరం వాడబోయే కుర్ర ఫ్యాకల్టీ చేత మాట్లాడించండి. డిగ్రీ కాలేజీలైతే డీబీటీ స్టార్ కాలేజ్ స్కీము ఉంది, 2008 నుంచి, డిగ్రీ పిల్లల ప్రాక్టికల్స్ బాగుచేయడానికి. రీసెర్చ్ కాదుగా అనుకోకండి, అక్కడ మైక్రోపిపెట్ పట్టడం నేర్చుకున్న పిల్లే తర్వాత మీ ప్రాజెక్టులో చేరేది.

పెద్ద లెవెల్లో రెండు. ఏఎన్ఆర్ఎఫ్ పెయిర్ అని 2024లో తెచ్చారు, ర్యాంకుల్లో పైన ఉన్న సంస్థ హబ్, దాని కింద ఏడు దాకా స్పోక్ సంస్థలు, ఎక్కువగా రాష్ట్ర యూనివర్సిటీల కోసమే. రెండోది పీఎం-ఉషా, పాత రూసా కొత్త పేరు, 2023-24 నుంచి 2025-26 దాకా 12,926.10 కోట్లు, మన రెండు రాష్ట్రాలకీ కేంద్రం 60 రాష్ట్రం 40. అందులో మెరు (బహుళ విభాగాల విద్య, పరిశోధన యూనివర్సిటీలు) అనే భాగం కింద 35 యూనివర్సిటీలకి తలో 100 కోట్లు. ఒక లెక్చరర్‌గా వీటికి మీరు డైరెక్టుగా అప్లై చేయలేరు. మీరు చేయగలిగింది, యూనివర్సిటీ డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు రిపోర్టు) తయారయ్యే టైముకి మీ డిపార్ట్‌మెంట్ అవసరం, కొటేషన్లతో సహా, ఒక పేజీలో రెడీగా ఉంచడం. ఆ డీపీఆర్ హడావుడిగా ఆఖరి వారంలో తయారవుతుంది, చేతిలో కాగితం ఉన్న డిపార్ట్‌మెంట్ పేరే అందులో పడుతుంది. 40 శాతం రాష్ట్ర వాటా టైముకి రాకపోతే పని ఆగుతుంది, దానికి మీరేం చేయలేరు, కానీ ముందు కట్టాల్సినవేవో ముందే అనుకుని పెట్టుకోండి.

స్టెప్ 6: డబ్బు వచ్చాక

శాంక్షన్ ఆర్డర్ రాగానే స్వీట్లు పంచండి, తర్వాత కూర్చుని ఆర్డర్ పూర్తిగా చదవండి. క్యాపిటల్ హెడ్ వేరు, జనరల్ హెడ్ వేరు. పరికరాల డబ్బుతో కెమికల్స్ కొనకూడదు, అనుమతి లేకుండా అటుదిటు మార్చకూడదు. ప్రాజెక్టుకి విడిగా అకౌంటు, అది పీఎఫ్ఎంఎస్‌లో (ప్రభుత్వ డబ్బు చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ) మ్యాప్ అవ్వాలి, ఇక్కడ ఐఎఫ్ఎస్‌సీ ఒక అక్షరం తేడా పడి నెలల తరబడి డబ్బు రాని సందర్భాలు ఉన్నాయి. వడ్డీ పడితే అది మీది కాదు, కాలేజీది కాదు, భారత్‌కోష్ అనే ప్రభుత్వ చెల్లింపు పోర్టల్ ద్వారా ప్రభుత్వానికి వెనక్కి కట్టాలి.

కొనుగోళ్ళకి పర్చేజ్ కమిటీ, కొటేషన్లు, కంపారిటివ్ స్టేట్‌మెంట్, ఒకే కంపెనీ తయారుచేసేదైతే ప్రొప్రైటరీ సర్టిఫికెట్. ప్రభుత్వ సంస్థలైతే ముందు జెమ్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ళ ఆన్‌లైన్ మార్కెట్) వెతకాలి, అక్కడ లేకపోతే లేదని చూపించే రిపోర్టు జెమ్ నుంచే తీసి ఫైల్లో పెట్టాలి. పరికరాల మీద జీఎస్టీ బడ్జెట్లో వేసుకున్నారా? 2022 జులైలో పాత 5 శాతం రాయితీ తీసేశారు, చాలావాటికి 18 శాతం లెక్క వేసుకోవాల్సి వచ్చింది, పాత కొటేషన్ మీద రాసినవాళ్ళకి అక్కడే లక్షలు తక్కువ పడ్డాయి. వచ్చిన ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టర్‌లో, నంబరుతో.

మార్చి 31కి యూసీ, ఎస్ఈ. యూసీ అంటే యూటిలైజేషన్ సర్టిఫికెట్, జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నిబంధనలు) 12-ఎ ఫార్మాట్‌లో, ఎస్ఈ అంటే ఎక్స్‌పెండిచర్ స్టేట్‌మెంట్, దాంతోపాటు. అవి వెళ్ళకపోతే తర్వాతి ఇన్‌స్టాల్‌మెంట్ రాదు, అంతే. చాలా చిన్న కాలేజీల్లో ప్రాజెక్టు సైన్స్ వల్ల ఆగదు, ఇక్కడ ఆగుతుంది. ప్రిన్సిపాల్ మారారని, అకౌంటెంట్ సెలవులో ఉన్నారని, ఆడిటర్ సంతకం పెండింగ్ అని. నెలనెలా ఒక ఎక్సెల్ షీట్లో హెడ్‌వారీగా ఖర్చు మీరే రాసుకోండి, బిల్లుల ఫోటోలు తీసి పెట్టుకోండి, ఫైనాన్స్ సెక్షన్లో ఒకరితో స్నేహంగా ఉండండి, ఏప్రిల్ మొదటి వారంలో వాళ్ళకి కావాల్సింది మీ చేతుల్లోంచి వెళ్ళాలి.

స్టూడెంట్ మధ్యలో గవర్నమెంట్ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, ఇది మన దగ్గర మామూలే, డీఎస్సీయో గ్రూప్ పరీక్షలో వస్తే ఎవరుంటారు, వెంటనే కొత్త నోటిఫికేషన్ ఇవ్వండి, జీతం హెడ్‌లో డబ్బు మిగిలిపోయిందని చివర్లో కెమికల్స్‌కి వాడేయకండి. టైము సరిపోకపోతే గడువు పెంచమని రాయొచ్చు, కానీ ప్రాజెక్టు ముగిశాక కాదు, ముందే. ముగింపులో ప్రాజెక్ట్ కంప్లీషన్ రిపోర్ట్, ఫైనల్ యూసీ, ఆస్తుల లిస్టు, మిగిలిన డబ్బు వాపసు. ఆ పరికరం వివరాలు ఐ-స్టెమ్‌లో మీరే ఎక్కించండి, తర్వాత ఫిస్ట్ ప్రెజెంటేషన్లో కమిటీ "ఇప్పుడున్నవి ఎవరు వాడుతున్నారు" అని అడిగినప్పుడు చూపించడానికి బుకింగుల లిస్టు ఒకటి చేతిలో ఉంటుంది.